పసుపు పూసిన పిక్కలు

నాకు కోపం ఎక్కువని మా ఆఫీసులో అందరూ అనేవారు. నిజమే. ముప్పై ఏళ్లు గవర్నమెంటు రిజిస్టర్లు రాసినవాడికి కోపమైనా రావాలి, బీపీ అయినా రావాలి. నాకు రెండూ వచ్చాయి. నర్సీపట్నం దాటి కృష్ణదేవిపేట వెళ్లే రోడ్డు పక్కన ఉండేది మా జీడిమామిడి పరిశోధన ఉపకేంద్రం. పేరు మూరెడు, ఆఫీసు బెత్తెడు. రెండు గదులు, ఒక గోదాము, ఒక కాటా, నలుగురు తోస్తే తప్ప కదలని ఒక జీపు, వెనక పాతిక ఎకరాల జీడితోట. అందులో నేను సీనియర్ అసిస్టెంటుని. సూర్యప్రకాష్ అంటారు నన్ను. ఏ చెట్టు కింద ఎన్ని జీడిపిక్కలు రాలాయో కాటా వేయించి రాసుకోవడం నా పని. నా రిజిస్టర్లో కొట్టివేత ఉండదు, దిద్దుబాటు ఉండదు. ఆ గొప్ప చెప్పుకునే బతికాను. ఆ గొప్పని మట్టిలో కలిపిన మనిషి గురించే ఇప్పుడు చెబుతున్నాను. ఆవిడ పేరు నూకరత్నం.

తొంభై ఒకటిలో ఫీల్డు అసిస్టెంటుగా చేరింది. రోలుగుంట వైపు పల్లె. ఎకరన్నర వరి, కాస్త చెరకు ఉన్న ఇంటి పిల్ల. వాళ్లమ్మ అప్పలకొండమ్మ అప్పటికే మా తోటలో పిక్కలు ఏరే ఆడవాళ్ల జట్టుకు పెద్ద. తల్లి ఏ చెట్టు కింద వంగి పిక్కలు ఏరేదో, కూతురు అదే చెట్టు దగ్గర నిలబడి కొలతలు రాసుకునేది.

చేరిన రోజే చెప్పాను. "చూడమ్మా, ఫీల్డు అసిస్టెంటంటే ఎండలో చెట్లకి సేవ. పదేళ్లు చేస్తే నల్లబడ్డం తప్ప ప్రమోషన్ ఉండదు."

"నల్లబడ్డానికి నాకింకేటి మిగిలిందండీ?" అని నవ్వింది. "నాను సైంటిస్టునవుతానండీ."

నేను పకపకా నవ్వాను. ఎందుకు నవ్వనూ? మా దగ్గర సైంటిస్టు అంటే ఎక్కడి నుంచో బదిలీ మీద వచ్చేవాడు. వచ్చిన రోజు నుంచే తిరిగి పోయే దారి వెతుక్కునేవాడు. తోటలో పుట్టి తోటలోనే సైంటిస్టు అయినవాళ్లని నేనెక్కడా చూడలేదు. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా అని టైపు మిషను ముందు కూర్చుని పైకే అన్నాను. ఆవిడ వింది. విననట్టు వెళ్లిపోయింది.

కానీ పట్టు వదల్లేదు. సెలవు పెట్టి యూనివర్సిటీలో ఎమ్మెస్సీ చేసి వచ్చింది. తిరిగొచ్చి అదే కొలతల పలక, అదే ఎండ. మధ్యలో పెళ్లయింది. భర్త నానాజీ నర్సీపట్నం రోడ్డులో షేర్ ఆటో నడిపేవాడు. పరీక్షలప్పుడు పుస్తకం చేతిలో పెట్టుకుని ఆ ఆటోలోనే చదువుకునేది. తొంభై ఎనిమిదిలో డాక్టరేట్‌కి రిజిస్టరయింది. మా ఆఫీసరు పోలిరాజు గారే గైడు. ఆయన మంచివాడు. ఎంత మంచివాడంటే నా మీద కూడా ఎప్పుడూ అరవలేదు.

ఆ డాక్టరేట్ అంతా మా తోటలోని అరవై చెట్ల మీద నిలబడి ఉంది. పది రకాల జీడి, ఒక్కో రకానికి ఆరేసి చెట్లు, ప్రతి చెట్టుకీ నంబరు రేకు. తొమ్మిదో రకం నూకరత్నం సొంత కనుగోలు. రోలుగుంట కొండవాలులో గుత్తులు గుత్తులుగా కాసే ఒక ముసలి చెట్టుని చూసి, కొమ్మలు తెచ్చి అంటు కట్టించింది. ఆరో రకం పరాయి రాష్ట్రం నుంచి వచ్చింది. ఆకులు బోలెడు, కాయలు మాత్రం దేవుడికెరుక. ఏరే రోజున చెట్టుకో సంచి. సంచి నా దగ్గరికొచ్చేది. కాటా మీద పెట్టేవాళ్లం. నేను రాసేవాణ్ని. అలా ఐదు కాపులు రాశాను.

రూలు ఏమిటంటే, ఇప్పుడు రైతుల దగ్గర వాడుకలో ఉన్న రకం కన్నా కొత్త రకం నూటికి ఇరవై ఎక్కువ కాయాలి. అప్పుడే దాన్ని రైతులకి విడుదల చేస్తారు. నూకరత్నం తొమ్మిదో రకం పద్దెనిమిది దగ్గర ఆగిపోయింది. రెండు వేల మూడు జనవరి అది. సర్వీసులో ఉన్నవాళ్లకి ఒకే ఒక్క సైంటిస్టు పోస్టు పడింది, ఫిబ్రవరిలో ఇంటర్వ్యూ. అప్పటికి థీసిస్ ఇచ్చి ఉండాలి. పద్దెనిమిదైనా సరే, థీసిస్ ఇచ్చేస్తే డాక్టరేట్ వస్తుంది, పోస్టూ వస్తుంది. రకం సంగతి తర్వాత చూసుకోవచ్చు. నేను సగం టైపు చేసేశాను కూడా. అప్పటికి కంప్యూటర్ ఇచ్చారులెండి. దాన్ని తిట్టుకుంటూ నేర్చుకున్నాను.

ఒక మధ్యాహ్నం భోజనాలయ్యాక నా రిజిస్టర్లు ముందేసుకుని కూర్చుంది. గంట గడిచింది.

"సార్, ఆరో నంబరు సెట్లు ఎప్పుడైనా సరిగ్గా సూసేరా?"

"చూడ్డమేమిటి, రాసింది నేనే కదా!"

"రెండొందల ఎనిమిది గ్రాములు. రెండొందల పన్నెండు. రెండొందల పది. ఐదేళ్లూ ఇంతేనండీ. కాపుగాసే సెట్టు ఇంత నిక్కచ్చిగా కాస్తాదేటండీ?"

నా నెత్తి మీద నిప్పులు పోసినట్టయింది. "అంటే నేను తప్పు రాశాననా?"

"తప్పు కాదండీ, మీరు మరీ నిజం రాసేరు. అందుకే దొరికింది." అని తన రెండు చేతులూ దోసిలిపట్టి దానికేసి చూసుకుంది. చెప్పులు కూడా వేసుకోకుండా తోటలోకి పరుగెత్తింది. నేనూ వెనకాలే వెళ్లాను. నా రిజిస్టరు మాట కదా మరి.

అప్పలకొండమ్మ చెట్ల పాదులు బాగుచేయిస్తోంది.

"అమ్మా, ఆరో నంబరు సెట్టు కింద ఒక్క పిక్కా రాలకపోతే ఆ సంచిలో ఏటేసేవోళ్లు?"

"ఏటేస్తాం? దోసెడు పిక్కలేస్తాం."

"ఎక్కడివే?"

"నీ తొమ్మిదో నంబరు సంచుల్లోంచి తీత్తాను. మారాజు సెట్లు, పొర్లిపోతాయి గదా. ఒట్టి సంచి కాటాకెల్తే సెట్టు సిన్నబోద్ది, వొచ్చే ఏడు పువ్వు ఎయ్యదు. కల్లంలోంచి ఒట్టి గంప ఇంటికి తెత్తామేటి? మీ నాయనమ్మ నేర్పిందే గదే. జట్టు పెద్ద సెయ్యే ఎయ్యాల, ఇంకోళ్లు ఎయ్యకూడదు. నానే ఏసేను అన్నేళ్లూ."

నాకు కోపం వచ్చింది. వచ్చాక ఆగలేదు. "ఐదేళ్లు! ఐదేళ్లు నేను కళ్లు కాయలు కాసేలా రాసింది నీ దోసిలా? ఒక్కనాడైనా చెప్పాలా వద్దా?"

"మీరు అడగనేదు గదా బాబూ," అంది అప్పలకొండమ్మ నిమ్మళంగా, గునపం పక్కన పెడుతూ.

నూకరత్నం ముందు నవ్వింది. తర్వాత చెట్టు మొదట్లో కూలబడి ఏడ్చింది. ఏడుస్తున్న కూతుర్ని చూసి తల్లికి అప్పుడు కంగారు పుట్టింది. "నాను పాడుసేసినానేటే?" అని అడిగింది. కూతురు తల అడ్డంగా ఊపింది.

ఆఫీసులో పోలిరాజు గారు విషయమంతా విన్నారు. కాసేపు పెన్ను కొరికి, "తీసింది తొమ్మిదో రకంలోంచే కదమ్మా. దాన్ని దానికి కలిపేస్తే పద్దెనిమిది కాస్తా ఇరవై దాటుతుంది," అన్నారు.

"అబ్బ! వెతకబోయిన తీగ కాలికి తగిలింది. కలిపేద్దాం, ఇప్పుడే టైపు చేస్తాను," అని నేను లేచాను.

"ఒద్దండీ," అంది నూకరత్నం. "నాకు లాభమొచ్చే దిద్దుబాటు నానే సేసుకుంటే ఎవులు నమ్ముతారండీ? రుజువేటి, మా అమ్మ మాటా? థీసిస్ ఫైలు ఎనక్కి తీసుకుంటాను. మార్చి నుంచి కాపొస్తాది. ఈ ఒక్క కాపూ శుభ్రంగా తూస్తాను. అప్పుడు రాస్తాను."

"ఇంటర్వ్యూ ఫిబ్రవరిలోనమ్మా," అన్నారు పోలిరాజు గారు మెల్లిగా.

"తెలుసండీ."

ఆ మధ్యాహ్నమంతా ఆవిడ మీద అరిచాను. పన్నెండేళ్లు ఎండలో కాలింది ఇందుకేనా అన్నాను. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు అనే రకం నువ్వన్నాను. పోస్టు మళ్లీ నీ జన్మలో పడదన్నాను. అన్నీ విని ఒక్క మాటే అంది. "సార్, రేపు ఈ మొక్క ఒక రైతు ఐదెకరాల్లో ఏసుకుంటాడు. నాను సెప్పినంత కాయకపోతే నన్నేటీ అనడు. సెట్లు నరికేసుకుంటాడు."

ఫిబ్రవరిలో ఆ పోస్టు ఇంకెవరికో వెళ్లింది. ఆ కబురు ఫోనులో నేనే విన్నాను, నేనే చెప్పాల్సి వచ్చింది. "మంచిదండీ," అని గోదాములోకి వెళ్లి సంచులు సర్దుతూ అరగంట బయటికి రాలేదు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉండటం చూశాను. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. నా సొంత చెల్లెలికి అన్యాయం జరిగినట్టే అనిపించింది. ఇంట్లో మా ఆవిడ మీద అరిచాను, పాపం ఆవిడకేం తెలుసు!

మార్చి వచ్చింది. పిక్కలు రాలడం మొదలైంది. ఒక సంచిలోని పిక్కలు ఇంకో సంచిలో వేయరాదని నేను ఆర్డరు టైపు చేసి, తోటలో నిలబడి గట్టిగా చదివాను. ఆడవాళ్లు పద్నాలుగు మందీ విన్నారు. విని నీడన కూర్చున్నారు.

"మీ కాయితం సెట్టుకి ఇనపడతాదేటి బాబూ?" అంది అప్పలకొండమ్మ. "ఒట్టి సంచి నాను ఎత్తను. ఎత్తమని మా వోళ్లకి సెప్పను. అది పాపం."

"అమ్మా, నా సదువు పోద్దే," అంది నూకరత్నం.

"నీ సదువు నీది. నా సెయ్యి నాది," అని తల్లి చీర కొంగు దులుపుకుని లేచిపోయింది. నాలుగడుగులు వేసి కూతురి వైపు ఒకసారి తిరిగి చూసింది. కానీ మాట వెనక్కి తీసుకోలేదు. వాళ్ల వంశంలోనే ఉంది ఆ మొండితనం.

రెండు రోజులు ఏరుడు లేదు. చెట్ల కింద పిక్కలు రాలి పడి ఉన్నాయి. కాకులు, ఉడతలు పండగ చేసుకుంటున్నాయి. ఒక్క వాన పడితే ఆ కాపూ పోయినట్టే. జట్టు మార్చేద్దామని నేనన్నాను. నూకరత్నం ఒప్పుకోలేదు. "ఏ జట్టొచ్చినా ఇదే సేస్తారండీ, సెప్పకుండా సేస్తారు. మా వోళ్లు నయం, సెప్పి మరీ కూకున్నారు," అంది.

మూడో రోజు పొద్దున్నే నానాజీ ఆటోలోంచి ఒక పెద్ద గంప దిగింది. గంప నిండా పోయినేటి జీడిపిక్కలు. ఒక్కో పిక్కకీ పసుపు పూసి ఎండబెట్టింది నూకరత్నం. ఎవరూ ఏరడం మొదలుపెట్టక ముందే అరవై సంచులూ వరసగా పరిచి, ఒక్కో సంచిలో దోసెడేసి పసుపు పిక్కలు వేయడం మొదలుపెట్టింది.

"నీ దోసిలి సూడు, ఒకపాలి ఎక్కువ, ఒకపాలి తక్కువ. సదువుకున్న సెయ్యి!" అని తల్లి దూరం నుంచే వెక్కిరించింది.

"పరవానేదు, కాటా కాడ వీటిని ముందు తీసేసే తూస్తాం," అని కూతురు చివరి సంచి కూడా కట్టింది. "ఇప్పుడు సెప్పమ్మా. ఒట్టి సంచి ఒక్కటైనా ఉందేటి?"

అప్పలకొండమ్మ ఒక్కో సంచీ విప్పి చూసింది. అరవై సంచులూ చూసింది. ఆఖరిది మూసి, కూతురి ముఖంలోకి చూసి, "పసుపు కూడా ఎట్టినావు," అంది. ఆ తర్వాత వెనక్కి తిరిగి కేకేసింది. "ఏటర్రా కూకున్నారు? ఎండెక్కిపోతంది. లెగండి బేగి!"

ఆ కాపంతా అలాగే జరిగింది. కాటా దగ్గర ముందు పసుపు పిక్కలు ఏరి పక్కన పెట్టేవాళ్లం. మిగిలినవి తూచేవాళ్లం. ఆరో రకం సంచుల్లో సున్నా, సున్నా, సున్నా. ప్రతి సున్నాకీ నూకరత్నం ముఖం వెలిగిపోయేది. సున్నాని చూసి అంత మురిసిపోయిన మనిషిని నేనెక్కడా చూడలేదు. నా రిజిస్టరు సంగతి అడక్కండి. ఏ పేజీ తిప్పినా పసుపు వేలిముద్రలే. మొదటివారం తిట్టుకున్నాను. తర్వాత అలవాటైపోయింది. మే ఆఖరుకి లెక్క తేలింది. తొమ్మిదో రకం నూటికి ఇరవై ఏడు ఎక్కువ కాసింది.

సెప్టెంబరులో కొత్త రకాల విడుదల తేల్చే కమిటీ వచ్చింది, ఐదుగురు. చైర్మన్ గారు పొట్టి మనిషి, చూపు మాత్రం మహా పదును. నూకరత్నం రిపోర్టు తిరగేస్తూ ఒకచోట ఆగారు. "పసుపు పూసిన పిక్కలు ముందుగా సంచిలో వేయడమైనది... ఏమిటమ్మా ఇది? పరిశోధనా, పేరంటమా?"

మిగతా నలుగురూ నవ్వారు. నాకు ఒళ్లు మండింది. గోడవారన నిలబడ్డ గుమాస్తాకి మాట్లాడే హక్కెక్కడిది, పళ్లు కొరుక్కున్నాను. నూకరత్నం తడబడలేదు. దోసిలి సంగతి, ఐదేళ్ల తప్పు, వెనక్కి తీసుకున్న ఫైలు, పోయిన పోస్టు అన్నీ ఉన్నదున్నట్టు చెప్పింది. వాళ్లమ్మ పేరు కూడా దాచలేదు.

చైర్మన్ గారు నవ్వలేదు. "కొత్త లెక్క ఒకే కాపుది. పాత లెక్క ఐదు కాపులది. ఒక్క ఏడు చూసి రకం ఎలా విడుదల చేస్తాను? పాతదాన్ని సరిచేయాలంటే దోసెడు అంటే ఎంతో తెలియాలి. మనిషి దోసిలికి కొలతేమిటి?"

"ఐదేళ్లూ ఏసింది ఒకే సెయ్యండీ," అంది నూకరత్నం. "పిలిపించమంటారా?"

అప్పలకొండమ్మ చేతులు కడుక్కుని, తడి కొంగుకి తుడుచుకుంటూ వచ్చింది. గదిలో పెద్దవాళ్లని చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయింది. గోదాములోంచి ఒక గంప పిక్కలు, కాటా తెప్పించారు. "అమ్మా, ఒట్టి సంచికి ఎంత వేస్తావో అంత వెయ్యి," అన్నారు చైర్మన్ గారు.

దోసిలి ముంచి వేసింది. రెండొందల పదకొండు. మళ్లీ వెయ్యమన్నారు. రెండొందల తొమ్మిది. మళ్లీ. రెండొందల పది. ఏడుసార్లు వేయించారు. కాటా ముల్లు అక్కడక్కడే తిరిగింది. చైర్మన్ గారు లేచి, చొక్కా చేతులు మడిచి తానే వేశారు. మొదటిసారి నూట అరవై, రెండోసారి రెండొందల యాభై.

"మీది సదువుకున్న సెయ్యి బాబూ, అలవాటుండదు," అంది అప్పలకొండమ్మ జాలిగా.

గది గదంతా ఘొల్లుమంది. చైర్మన్ గారు కూడా నవ్వేశారు. నవ్వు ఆపి నా వైపు తిరిగారు. "రిజిస్టర్లు ఎవరివి?"

"నావండీ," అన్నాను. ఐదు రిజిస్టర్లూ ముందు పెట్టాను. వేలు పెట్టి ఆరో రకం గడులు చూసుకుంటూ పోయారు. రెండొందల ఎనిమిది, రెండొందల పన్నెండు, రెండొందల పది. ఐదేళ్లలో అలాంటి సంచులెన్నో లెక్కపెట్టించారు. అన్ని దోసిళ్లూ తొమ్మిదో రకానికి తిరిగి కలిపించారు. క్యాలిక్యులేటర్ మీద తానే కొట్టుకున్నారు. రెండుసార్లు కొట్టి, కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు. పాత ఐదు కాపులకీ కలిపి నూటికి ఇరవై ఏడు. కొంచెం తక్కువ ఇరవై ఏడు.

"ఈ లెక్క జనవరిలోనే కలిపేసి తెచ్చి ఉంటే నేను నమ్మేవాణ్ని కాదమ్మా," అన్నారాయన. "రకం విడుదలకి సిఫార్సు చేస్తున్నాం. ఇంకో మాట కూడా రాసుకోండి. ఈ కేంద్రానికి సైంటిస్టుని బయట నుంచి పంపక్కర్లేదు. ఇక్కడే ఉంది."

ఆ మాట టైపు చేసిన చేతులు ఇవే. చేసేటప్పుడు అక్షరాలు అలికినట్టు కనబడ్డాయి. కంప్యూటరుదే తప్పనుకున్నాను. కాదు, నా కళ్లవి.

థీసిస్ ఇచ్చింది. డాక్టరేట్ వచ్చింది. రెండు వేల ఐదు జూన్‌లో ఆర్డరు వచ్చింది. డాక్టర్ నూకరత్నం, సైంటిస్టు, మా ఉపకేంద్రం. పద్నాలుగేళ్ల కిందట నేను పకపకా నవ్విన మాట అది. రోలుగుంట నుంచి, కృష్ణదేవిపేట నుంచి రైతులు వచ్చి తొమ్మిదో రకం అంట్లు షేర్ ఆటోల టాపుల మీద కట్టుకుని పోయారు. నానాజీ ఆటో అయితే నడిచే నర్సరీలా ఉండేది. కొత్తగా వచ్చిన ఏ పిల్ల సైంటిస్టుకైనా నూకరత్నం మొదటి మూడు రోజులూ ఒకే ట్రైనింగ్ ఇచ్చేది. అప్పలకొండమ్మ జట్టుతో పిక్కలు ఏరాలి, నోరు మూసుకుని చూడాలి, చూసినదంతా అడగాలి. ఒకబ్బాయి నామోషీ అన్నాడు. నేను కేకలేశాను. మర్నాటి నుంచి వంగి ఏరాడు.

రెండు వేల ఎనిమిదిలో నేను రిటైరయ్యాను. దండ వేశారు, శాలువా కప్పారు. నన్ను పొగిడే మాటల్లో సగం అబద్ధాలని అందరికీ తెలుసు. అంతా అయ్యాక సొరుగు ఖాళీ చేసుకుని, ఖాళీ చేతిసంచి ఊపుకుంటూ గుమ్మం దిగబోతుంటే వెనక నుంచి నూకరత్నం పిలిచింది.

"ఒట్టి సంచితో ఎల్తారేటండీ సార్?"

గోదాములోంచి డబ్బా తెచ్చింది. పసుపు పూసిన పిక్కలు. దోసిలి ముంచి నా సంచిలో పోసింది. అప్పలకొండమ్మ పక్కనే నిలబడి చూస్తోంది. ఆ ఏడే ఏరుడు మానేసింది, మోకాళ్లు పట్టేశాయి. జట్టు పెద్దరికం కూతురికి ఇచ్చింది. సైంటిస్టు జట్టుకి పెద్దేమిటని ఎవరూ అడగలేదు.

పాత అలవాటు పోదు కదా. వెనక్కి వెళ్లి, పిక్కలు కాటా పళ్లెంలో పోశాను. ముల్లు ఊగి ఊగి ఆగింది. కళ్లద్దాలు సర్దుకుని వంగి చూశాను.

"ఎంతొచ్చింది బాబూ?" అని అడిగింది అప్పలకొండమ్మ.

"రెండొందల పది," అన్నాను.